ఐదు తాళాల తలుపు

ఆ రోజుల్లో పొద్దున లేచి ఒక గ్లాసు చాయ తాగితే, మళ్లీ నీటిచుక్క నా గొంతులో పడేది సాయంత్రం ఇల్లు చేరాకే. ఉపవాసం కాదు, మొక్కు అంతకంటే కాదు. నల్గొండలోని మా ఇంటి నుంచి నేను పాఠాలు చెప్పే విశ్వవిద్యాలయానికి వెళ్లాలంటే నార్కట్‌పల్లి దాటాక ఒక అడ్డరోడ్డు దగ్గర దిగి బస్సు మారాలి. ఆ బస్సు ఎప్పుడు వస్తుందో దాని డ్రైవరుకు కూడా తెలియదు. అడ్డరోడ్డు మీద చాయ హోటళ్లున్నాయి, పంక్చర్ దుకాణాలున్నాయి, కోళ్ల దుకాణాలున్నాయి, ముగ్గురు నాయకుల విగ్రహాలు మూడు దిక్కులకు చేతులు చాపుకొని ఉన్నాయి. ఆడమనిషి ఒంటికి పోవడానికి మాత్రం నాలుగు గోడలు లేవు. మగవాళ్లకూ లేవు గానీ, గోడలు అవసరమన్న సంగతి వాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు.

అందుకని నీళ్లు మానేశాను. నా ఒక్కదాని తెలివి కాదు అది. ఆ బస్సు మారే టీచరమ్మలు, నర్సమ్మలు, కాలేజీ ఆడపిల్లలు అందరిదీ అదే పద్ధతి. ఎండాకాలం పెదవులు పగిలి నిలబడి ఉండేవాళ్లం. సంచిలో నీళ్ల సీసా ఉండేది, మూత తీసేవాళ్లం కాదు.

అడ్డరోడ్డు మీద బత్తాయి రసం అమ్మే ఒకామె ఉండేది. నాకన్నా రెండు మూడేళ్లు పెద్దదేమో. తోపుడు బండి, పైన నీలం పట్టా, చేత్తో తిప్పే ఇనుప యంత్రం, కుప్పగా బత్తాయిలు. రోజంతా ఊరందరి దాహం తీర్చేది. ఒకరోజు నన్నే నిలదీసింది.

"రోజూ సూస్తున్న. ఒక్కనాడన్న గ్లాసు రసం తాగవేంది మేడం? నీళ్లు గలుపుతననుకుంటున్నవా?"

"నువ్వు తాగుతున్నవా?"

"నేను తాగితె ఏడికి వోవాలె?"

"నేను తాగితె ఏడికి పోవాలె?"

మా స్నేహానికి అదే మొదలు. ఆ రోజు నుంచి నేను ఆమెను అక్కా అన్నాను. ఆమె కొన్నాళ్లు మేడం అని, తర్వాత నా నోటి దురుసు చూసి తనూ అక్కా అనడం మొదలుపెట్టింది. ఇద్దరిలో ఎవరు పెద్దో తేల్చుకోవాలని మేము ఎన్నడూ అనుకోలేదు.

ఆమెకు కిడ్నీలో రాయి ఉంది. దవాఖానలో డాక్టరు, పొద్దుగూకులూ నీళ్లు తాగాలనీ, లేకపోతే ఆ బండి మానేసి ఇంట్లో కూర్చోవాలనీ, ఇంకోసారి నొప్పి వస్తే కోయక తప్పదనీ చెప్పాడట. బండి మానేస్తే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. భర్త పోయాక ఆ యంత్రం తిప్పుతూనే పిల్లలను పెంచింది.

"తాగుమన్నడు సరే. తాగినంక ఎట్లనని అడిగితె, గది వేరే డాక్టరు సూస్తడన్నట్టు మొఖం పెట్టిండు," అంది.

నేను సమాజశాస్త్రం చెబుతాను. కాంట్రాక్టు మీద. అంటే ఏటేటా కొత్తగా చేరే పాత లెక్చరర్ని. అట్లాంటివాళ్లు సమావేశాల్లో వెనక వరుసలో కూర్చొని బిస్కెట్లు తినాలి, మాట్లాడకూడదు. నాకు మొదటిది వచ్చు, రెండవది చేతకాదు.

మా దగ్గర కొత్తగా సామాజిక భాగస్వామ్య కేంద్రం అని ఒకటి పెట్టారు. దానికి డైరెక్టరుగా ఒక ప్రొఫెసర్ సారును వేశారు. మంచివాడే. ఎవరినీ నొప్పించడు, ఎవరికీ పనికిరాడు. మొదటి సమావేశంలో ఆయన చాలాసేపు మాట్లాడాడు. విశ్వవిద్యాలయం ఇంకా నాలుగు గోడల మధ్యే ఉండిపోకూడదు, ప్రభుత్వంతో, పరిశ్రమతో, స్వచ్ఛంద సంస్థలతో, గ్రామంతో చేయి కలపాలి, సమాజం ముందున్న సవాళ్లకు అందరూ కలిసి జవాబు వెతకాలి అన్నాడు. మాటలు నిజంగానే బాగున్నాయి. ఇప్పటికీ వాటిలో నాకు తప్పు కనబడదు.

నేను లేచాను. "సార్, నాలుగు గోడల మధ్య ఉండకూడదంటున్నారు. అడ్డరోడ్డు దగ్గర మాకు కావాల్సింది ఆ నాలుగు గోడలే. అక్కడ కట్టండి," అన్నాను.

డైరెక్టరు సారు ముఖం వెలిగిపోయింది. కేంద్రం పెట్టి నెలలు గడిచినా ఆయనకు ఒక్క సవాలు కూడా దొరకలేదట. దొరికిన సవాలును వదిలితే పోతుందేమోనన్నట్టు, "మేడమ్, ఈ ప్రాజెక్టుకు మీరే కన్వీనర్," అన్నాడు అక్కడికక్కడే.

ఐదు వర్గాలు చేతులు కలిపాయి. మా విశ్వవిద్యాలయం ఒకటి. జిల్లా కార్యాలయం ఒకటి. సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టడానికి ఏదైనా కనిపిస్తుందా అని చూస్తున్న ఒక కంపెనీ, దాని తరఫున ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక యువ అధికారి. పరిశుభ్రత మీద పోస్టర్లు వేసే ఒక స్వచ్ఛంద సంస్థ. ఇక స్థలమిచ్చిన గ్రామ పంచాయతీ. సర్పంచ్ ఒక ఆడమనిషే గానీ నేనామెను ఒక్కసారే చూశాను. మిగతా అన్నిసార్లూ వచ్చింది ఆమె భర్త. ఊళ్లో అందరూ ఆయన్నే సర్పంచ్ సాబ్ అంటారు. ఆడవాళ్ల మరుగుదొడ్డి గురించి మాట్లాడడానికి ఆడ సర్పంచ్‌ను ఎందుకు పంపరని అడిగాను. "ఆమెకు సిగ్గు మేడం," అన్నాడు ఆయన, తను ఏమాత్రం సిగ్గుపడకుండా.

సిగ్గు ఆమె ఒక్కదానికే లేదు. ఒప్పందం రాసుకునే రోజు ఆ గదిలో ఎవరూ ఆ మాట నోటితో అనలేదు. ఒకరు 'సదుపాయం' అన్నారు, ఇంకొకరు 'కేంద్రం' అన్నారు. కంపెనీ అధికారి 'ఎసెట్' అన్నాడు. చివరికి 'మహిళా సాధికార విశ్రాంతి సదన్' అని తేల్చారు. ఆ పేరు పెట్టిన పాపానికి లోపల ఒక బల్ల వేయాల్సి వచ్చింది, విశ్రాంతికి. బల్ల వేశాక జాగా చాలలేదు. తలుపు లోపలికి తెరిస్తే బల్లకు తగులుతోంది. అందుకని తలుపును బయటికి తెరుచుకునేట్టు పెట్టారు, తలుపును చట్రానికి పట్టి ఉంచే బందులు కూడా బయటివైపే వచ్చాయి. తేలిక ప్లాస్టిక్ తలుపు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ కథంతా ఆ తలుపుదే.

కట్టడానికి ముందు మా విశ్వవిద్యాలయం తన వాటా పని తను చేసింది, అంటే సర్వే. పిల్లలు కాగితాలు పట్టుకొని అడ్డరోడ్డు మీద దిగారు. రసం అక్క దగ్గరికి వచ్చిన అమ్మాయి, "మీకు రోజుకు ఎన్నిసార్లు అవసరం పడుతుంది?" అని అడిగింది.

"మీ సారును అడిగినవా బిడ్డా గీ ముచ్చట?"

"సారు మా శాంపిల్లో లేరండి."

"గట్లనా. ఆయినకు రాకుంట ఉంటదేమో," అంది అక్క, యంత్రం తిప్పుతూ.

నలుగురూ అనుకున్నట్టు ఆగిపోలేదు. గది నిజంగానే లేచింది. ఇది నేను ఒప్పుకోవాలి, ఐదుగురు చేతులు కలిపితే నాలుగు గోడలు లేవడం నేను కళ్లారా చూశాను. పంచాయతీ జాగా ఇచ్చింది, కంపెనీ పలకరాళ్లు వేసింది, అద్దం పెట్టింది, తువ్వాలు తగిలించుకునే కొక్కేలు తలుపుకు ఒకటి, గోడకు ఒకటి కొట్టింది. జిల్లా కార్యాలయం నల్లా ఇచ్చింది. సంస్థ వాళ్లు చేతులు ఎట్లా కడుక్కోవాలో బొమ్మలు అంటించారు. మేము సర్వే ఫలితాలను చట్రం కట్టి తగిలించాం. ఆడవాళ్లకు మరుగుదొడ్డి అవసరమేనని మా పరిశోధనలో తేలింది.

ప్రారంభోత్సవం నాడు షామియానా వేశారు. రసం అక్కను 'తొలి లబ్ధిదారు' అని వేదిక మీద కూర్చోబెట్టి, ఆమె ఇంకా ఏ లబ్ధీ పొందకముందే మెరూన్ రంగు శాలువా కప్పారు. ఆమె నన్ను దగ్గరికి పిలిచి చెవిలో చెప్పింది.

"అక్కా, ఇయ్యాల పొద్దుగాల చెంబెడు నీళ్లు తాగిన. గది అయిందిగదా అని ధైర్యంతోని. జర జల్ది గానియ్యమను."

నేను ఎవరితో అనగలను? జిల్లా అధికారి మాట్లాడాడు. కంపెనీ అధికారి తెర మీద బొమ్మలు చూపిస్తూ మాట్లాడాడు, ఎండలో ఆ బొమ్మలు ఎవరికీ కనబడలేదు. సంస్థ మేడం ఒక పాట పాడించింది. మా డైరెక్టరు సారు నాలుగు గోడల సంగతి మళ్లీ చెప్పాడు. వేదిక మీద రసం అక్క శాలువా కింద మోకాళ్లు దగ్గరికి చేర్చుకొని, ముందు నవ్వుముఖంతో, తర్వాత నవ్వు లేకుండా, ఆ తర్వాత కళ్లు మూసుకొని కూర్చుంది. భక్తి అనుకున్నారు కొందరు.

రిబ్బన్ కత్తిరించారు. అందరూ లోపలికి తొంగిచూశారు. బల్ల మీద కూర్చొని ఫొటోలు దిగారు. బయటికొచ్చి తలుపు మూశారు. రసం అక్క వేదిక దిగి అటు నడవబోయింది. సరిగ్గా అప్పుడు కంపెనీ అధికారి తలుపుకు అడ్డంగా నిలబడి, "తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?" అని అడిగాడు.

ఆ ప్రశ్న అంతవరకు ఎవరికీ తట్టలేదు. జాగా మాది కాబట్టి మా దగ్గరే అన్నాడు సర్పంచ్ సాబ్. ఖర్చు మాది అన్నాడు కంపెనీ అధికారి. నీళ్లు మావి అన్నారు జిల్లా వాళ్లు. ఆలోచన మాది అన్నాడు మా సారు. ఒప్పందం తీసి చూశారు, అందులో 'ఉమ్మడి యాజమాన్యం' అని ఉంది. అప్పుడు సర్పంచ్ సాబ్ ఒక ఉపాయం చెప్పాడు.

"మా గుట్ట మీది దేవుని హుండీకి మూడు తాళాలు సార్. పూజారిది ఒకటి, ఊరిది ఒకటి, కమిటీది ఒకటి. ముగ్గురు ఒక్కతాన నిలవడితెనే తెరుసుకుంటది. ఇన్నేండ్ల సంది ఒక్క పైస పోలే. గిక్కడ గూడ గట్లనే జేద్దాం. ఎవలకు అనుమానం ఉండది."

మా డైరెక్టరు సారు పరవశించిపోయాడు. "చూశారా మేడమ్, దీన్నే స్థానిక విజ్ఞానం అంటారు. మనం పల్లె నుంచి నేర్చుకోవాల్సింది ఎంతో ఉంది."

నాకు కోపం నెత్తికెక్కింది. "హుండీల డబ్బులు పడ్తయి సర్పంచ్ సాబ్. దీంట్ల ఏం పడ్తదో, దాన్ని ఎత్తుకపోయే దొంగ ఎవడో జర చెప్పుండ్రి," అన్నాను.

ఆడమనిషి అంత మాట అన్నదని అందరూ ఇబ్బందిగా నేల చూపులు చూశారు. నేను ఇంకో దారి చూపించాను. నేను పుట్టింది మక్తల్ వైపు. అక్కడ మా చేన్లలో అన్నదమ్ములకు ఉమ్మడి బోరు ఉంటే, మోటారు డబ్బాకు గొలుసు చుట్టి, తాళానికి తాళం తగిలించి వేస్తారు. ఎవరి తాళం వాళ్లు తీసుకున్నా గొలుసు ఊడుతుంది. ఎవరి చేనుకు నీళ్లు కావాలంటే వాళ్లు పెట్టుకుంటారు. మా బాపు, మా పెదనాయన ఏళ్లతరబడి మాటల్లేకుండా ఉన్నా ఆ బోరు ఒక్కరోజు ఆగలేదు. ఇదంతా వివరంగా చెప్పాను.

కంపెనీ అధికారి శ్రద్ధగా విన్నాడు. "అప్పుడు ఎవరో ఒక్కరే వచ్చి తెరిచేయొచ్చు కదా మేడమ్?" అన్నాడు.

"గదే గద బాబూ కావాల్సింది."

"మరి భాగస్వామ్యం ఏమైనట్టు?"

అంత చదువుకున్నవాడికి ఏం చెబుతాం. పంక్చర్ దుకాణం పక్కనే హార్డ్‌వేర్ కొట్టు ఉంది. ఐదు గొళ్లేలు, ఐదు తాళాలు వచ్చాయి. తలుపు కుడి అంచున పై నుంచి కింద దాకా వరుసగా బిగించారు. ఎవరి తాళం వాళ్లు వేసుకున్నారు, ఎవరి చెవి వాళ్లు జేబులో వేసుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

రసం అక్క నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, నువ్వు జర బండికాడ కూసో. నేను ఆటోల ఇంటికి వొయ్యొస్త," అంది. శాలువా కప్పుకొనే ఆటో ఎక్కింది. ఆ మధ్యాహ్నం షామియానా విప్పుతుంటే నేను బత్తాయిలు పిండుతూ ప్రారంభోత్సవానికి వచ్చిన పెద్దలందరికీ రసం అమ్మాను. జిల్లా అధికారి రెండు గ్లాసులు తాగాడు. ఆయనకేం.

తర్వాత జరిగింది మీరు ఊహించగలరు, అయినా అంతకంటే ఎక్కువే జరిగింది. గది తెరవాలంటే ఐదుగురూ రావాలి. ఫోన్లో ఒక గ్రూపు పెట్టారు. అందులో రోజూ శుభోదయాలు, పూల బొమ్మలు, పండగ శుభాకాంక్షలు వచ్చేవి. ఒక కాలేజీ పిల్ల కడుపునొప్పితో మెలికలు తిరుగుతోందని నేను రాస్తే, ముగ్గురు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఒకాయన 'త్వరగా కోలుకోవాలి' అని రాశాడు. చివరికి సారు ఒక మార్గం కనిపెట్టాడు. ప్రతి బుధవారం పదకొండు నుంచి పన్నెండు దాకా ఐదుగురూ వచ్చి తెరిచి ఉంచాలి, అవసరమున్న మహిళలు ఆ సమయంలో వినియోగించుకోవాలి.

"బుధారం దాక ఆపుకోవాల్నా?" అంది రసం అక్క. నిజంగానే అడుగుతోంది, వెటకారం కాదు.

మొదటి బుధవారం నలుగురు వచ్చారు. ఆడవాళ్లు చెంగులు నెత్తిన కప్పుకొని ఎండలో వరుసగా నిలబడ్డారు. ఐదో తాళంచెవి కంపెనీ అధికారి దగ్గర ఉంది, అతను హైదరాబాద్‌లో ఏదో సదస్సులో ఇదే గది గురించి మాట్లాడుతున్నాడు. పన్నెండు కాగానే వచ్చిన నలుగురూ హాజరు చెప్పుకొని వెళ్లిపోయారు. రెండో బుధవారం ఇద్దరు వచ్చారు. ఆ తర్వాత ఆ రోజూ మిగతా రోజుల్లాగే అయింది.

ఒకరోజు అడ్డరోడ్డు మీద బండి లేదు. మర్నాడూ లేదు. దవాఖానలో ఉందని పంక్చర్ దుకాణమాయన చెప్పాడు. మళ్లీ బండి వచ్చేనాటికి ఆమె ముఖం సగమైంది. ఈసారి కోయకుండానే పంపారట గానీ, నీళ్లు తాగకుండా మళ్లీ ఆ బండి దగ్గర కూర్చున్నట్టు తెలిస్తే తన దగ్గరికే రావద్దన్నాడట డాక్టరు.

"బండి అమ్ముతనక్కా. కొనెటోడు దొరికిండు," అంది. ఏడవలేదు. యంత్రానికి మరలు వదులైతే బిగిస్తూ చెప్పింది. అమ్మే వస్తువును కూడా మరమ్మతు చేసి అమ్మే మనిషి.

నేను లేచి ఆ సదన్ దగ్గరికి వెళ్లాను. ఏం చేద్దామనో నాకూ తెలియదు. తిట్టడానికి ఎదురుగా మనిషి లేడు కాబట్టి తలుపును తిడదామని వెళ్లినట్టున్నాను. రెండు గుద్దులు గుద్దాను. కుడివైపు ఐదు తాళాలు గలగలమన్నాయి. ఎడమవైపు తలుపు కదిలింది. వంగి చూశాను. బందులు బయటివైపు, మరలు బయటివైపు, నాకు ఎదురుగా, వరుసగా.

"అక్కా, నీ చేతుల ఉన్నదేంది?" అని కేక వేశాను.

"ఇస్క్రూ డ్రైవర్."

"తే."

తెచ్చింది. బందుల మరలు పైవి నేను తీశాను, కిందివి ఆమె తీసింది. మిట్టమధ్యాహ్నం, అంతమంది చూస్తుండగా, ఎవరూ మమ్మల్ని ఏమీ అడగలేదు. ఇద్దరు ఆడవాళ్లు మరలు తీస్తుంటే పంచాయతీ పని అనుకుంటారు కాబోలు. చివరి మర ఊడగానే ఎడమ అంచు పట్టుకొని లాగాను. తలుపు తెరుచుకుంది. కుడివైపు ఐదు తాళాల మీద వేలాడుతూ, వాటినే బందులు చేసుకొని, కిర్రుమంటూ తిరిగింది. ఐదు తాళాలూ వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఒక్కదాని మీదా చిన్న గీత కూడా పడలేదు.

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. లోపల పలకరాళ్లు తళతళలాడుతున్నాయి. నల్లా తిప్పితే నీళ్లు దూకాయి. ఎవరూ వాడని చోట నీళ్లకు కొదవేముంది.

"ముందు నువ్వు వో," అన్నాను.

"గడియ గిటువక్క లేదుగదా."

గడియ తాళాల వైపే ఉంది. కాసేపు ఆలోచించాం. అక్క బండి దగ్గరికి వెళ్లి మెరూన్ శాలువా తెచ్చింది. బత్తాయిల మీద ఎండ పడకుండా కప్పుతోంది దాన్ని. తలుపు కొక్కేనికీ గోడ కొక్కేనికీ కలిపి శాలువాతో ముడి వేస్తే తలుపు లోపలి నుంచి బిగిసింది. ఆ శాలువా ఎందుకిచ్చారో అప్పుడు తెలిసింది నాకు.

బండి అమ్మలేదు. ఆడవాళ్లలో ఈ మాట ఏ గ్రూపూ లేకుండానే పాకింది. బస్సు దిగినవాళ్లు రసం బండి వైపు చూస్తే అక్క గడ్డంతో ఎడమపక్కకు చూపించేది, అంతే. గుప్పెడు మరలు ఆమె రొండిన ఉండేవి. భాగస్వాముల్లో ఎవరి కారైనా కనబడితే వెళ్లి పైన ఒకటి, కింద ఒకటి బిగించి వచ్చేది. ఒకసారి మా సారు వచ్చి తాళాలను ఒక్కొక్కటిగా లాగి చూసి, "ఇన్నాళ్లైనా ఎంత భద్రంగా ఉందో చూడండి మేడమ్," అని సంతోషపడ్డాడు. అవును సార్ అన్నాను. జీవితంలో నేను వాదించకుండా వదిలేసిన మాటల్లో అది ఒకటి.

ఆ తర్వాత హైదరాబాద్ నుంచి పరిశీలన బృందం వచ్చింది. ఐదు వర్గాలు కలిసి పనిచేసిన ప్రాజెక్టులను చూసి మార్కులు వేసే బృందం. దానికి పెద్ద ఒక మేడం, రిటైరైన పెద్ద అధికారి, వెంట్రుకలకు రంగు వేయని మనిషి. నాకు చూడగానే నచ్చింది. ఆమె కారు దిగి, బోర్డు చదివి, పూలగుత్తి తీసుకొని, నా పక్కకు వచ్చి మెల్లగా అంది. "అమ్మా, పొద్దున బయల్దేరినప్పటి నుంచి ఎక్కడా ఆగలేదు. ముందు ఒకసారి లోపలికి వెళ్లి వస్తాను."

నేను డైరెక్టరు సారు వైపు చూశాను. సారు సగర్వంగా చేయి ఊపాడు. జిల్లా నుంచి వచ్చినాయన తాళం తీశాడు. సర్పంచ్ సాబ్ తీశాడు. సంస్థ మేడం తీసింది. కంపెనీ అధికారి తీశాడు, ఈసారి తెచ్చుకున్నాడు. ఒకటి మిగిలింది. అది మాది. సారు జేబులు తడుముకున్నాడు. చెవి మా ఆఫీసు సూపరింటెండెంట్ దగ్గర ఉందట. సూపరింటెండెంట్ మేనకోడలి పెళ్లికి మక్తల్ వెళ్లాడు.

"రేపొస్తాడు మేడమ్," అన్నాడు సారు పెద్ద మేడంతో.

ఆమె పూలగుత్తిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. ఆ పట్టు నాకు తెలుసు. వేదిక మీద శాలువా కింద చూశాను దాన్ని.

నాకు ఒక్క క్షణంలో తీయడం వచ్చు. కానీ వీళ్ల ముందు తీస్తే రేపటి నుంచి ఎడమవైపు కూడా తాళాలు పడతాయి. మళ్లీ బండి అమ్మకం, మళ్లీ దవాఖాన. నేను రసం అక్క వైపు చూడకుండా నేల చూస్తూ నిలబడ్డాను. ఆమె యంత్రం తిప్పడం ఆపేసింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"నీకేమైందక్కా గట్ల నిలవడ్డవ్? ఆమెది గూడ పాణమే గద," అని నాతో అని, పైన ఒక మర, కింద ఒక మర తీసి, ఎడమ అంచు పట్టి లాగింది. "పోండ్రి మేడం. శాలువ ఉంది, ముడేసుకోండ్రి."

పెద్ద మేడం లోపలికి వెళ్లింది. ఒక్క తాళం మీద వేలాడుతున్న తలుపును అందరం చూస్తూ నిలబడ్డాం. చివరికి సర్పంచ్ సాబ్ అన్నాడు.

"గిదేంది, తలుపు గిట్ల గూడ తెరుసుకుంటదా?"

"తాళాలు పగిలినయా సర్పంచ్ సాబ్?" అన్నాను. "ఒప్పందంల తాళాల సంగతి ఉంది. బందుల సంగతి లేదు."

"గదిగాదు మేడం, మమ్ముల పిచ్చోళ్లను జేసి..."

ఆయన మాట పూర్తి కాకముందే లోపల నీళ్ల చప్పుడు, తర్వాత ముడి విప్పిన చప్పుడు వినబడ్డాయి. పెద్ద మేడం బయటికొచ్చింది. ముఖంలో ఎంత శాంతి ఉందంటే, ఆ క్షణాన ఆమె ఎవరికైనా ఎన్ని మార్కులైనా వేసేట్టుంది. తలుపును అటూ ఇటూ తిప్పి చూసింది.

"తాళం తీయకుండా తెరుచుకునే తలుపు. చాలా బాగుంది. ఈ ఆలోచన ఎవరిది?"

మా డైరెక్టరు సారు జీవితంలో అంత వేగంగా ఎన్నడూ ఆలోచించి ఉండడు. "మా విశ్వవిద్యాలయానిది మేడమ్. పరిశోధనలో భాగంగా," అన్నాడు.

"తలుపు మా కంపెనీది," అన్నాడు అధికారి.

"గోడ మాది. గోడ లేకుంటె తలుపేడ నిలవడ్తది?" అన్నాడు సర్పంచ్ సాబ్, పిచ్చివాడైన సంగతి మరిచిపోయి.

నేను నోరు తెరిచాను. రసం అక్క నా కాలు తొక్కింది. మూసుకున్నాను. వాళ్లది అంటే ఉంటుంది, మాది అంటే పోతుంది, అంత లెక్క ఆమెకు నాకంటే ముందే తెలిసింది. అందరి కంటే ఎక్కువ మార్కులు మాకే వచ్చాయి.

నివేదికలో దాన్ని 'ద్విముఖ ప్రవేశ నమూనా' అని రాశారు. నమూనా అన్నాక ఊరుకోరు. మహబూబ్‌నగర్ వెళ్లే దారిలో ఇంకో అడ్డరోడ్డు మీద అటువంటిదే కట్టారు. ఆ మధ్య పుట్టింటికి వెళ్తూ దిగి చూశాను. తలుపుకు కుడివైపు ఐదు తాళాలు, కొత్తవి. ఎడమవైపు బందులు అసలు పెట్టనే లేదు. లోపల కొక్కేలకు మెరూన్ శాలువా కట్టి ఉంది, జరీ అంచుది. ఆ తాళాల చెవులు ఎవరి దగ్గర ఉన్నాయని అక్కడ పూలమ్మే ఆమెను అడిగితే, "చెవులేంది? గవి తలుపు పడిపోకుంట వెట్టినయి," అంది. నేను దిద్దలేదు. ఆడవాళ్లు పోతున్నారు, వస్తున్నారు.

మొన్న సాయంత్రం మా అడ్డరోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడ్డాను. అక్క దవాఖానకు పోయి వచ్చిందట. రాయి కనబడలేదన్నాడట డాక్టరు. ఏం మందు వాడినవని అడిగాడట.

"ఏం జెప్పినవు?"

"ఇస్క్రూ డ్రైవర్ అని జెప్పిన. పిచ్చిదనుకున్నట్టుంది." బండి కింద నుంచి పెద్ద నీళ్ల సీసా తీసి, తల పైకెత్తి, సగం దాకా ఆపకుండా తాగింది. మూతి తుడుచుకొని నాకు ఒక గ్లాసు రసం చేతిలో పెట్టింది. ఏడికి పోవాలెనని అడగకుండానే తాగాను. ఇంకోటి పెట్టింది. అదీ తాగాను.

అంతలో నా బస్సు వచ్చింది.

"పోనియ్యి అక్కా. ఇంకోటి వస్తది," అంది.

బస్సు వెళ్లిపోయింది. నేను గ్లాసు కింద పెట్టి, తలుపు ఎడమపక్కకు నడిచాను.